పడకకు తగిన తలగడ

“ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు” అని మనవారి సామెత. సామెతలు సాధారణంగా నిజమే చెబుతాయి. కాని ఎవరి విషయంలో నిజమో చెప్పవు. ఇరవై ఏళ్ల ప్రాయంలో పగలంతా నాగలి పట్టినవానికి పొలం గట్టు మీద తల వాల్చినా నిద్ర వస్తుంది. ఆ మనిషే డెబ్బై ఏళ్ల వయసులో మంచం మీద మెడ కింద చెయ్యి పెట్టుకొని కోడికూత కోసం ఎదురు చూస్తాడు. సామెత ఆ మొదటి మనిషిని ఎరుగును. రెండవ మనిషిని ఎరుగదు. అయినా మనం దానినే వల్లించి ఆ రెండవ మనిషి నోరు మూయిస్తున్నాం. నేను ఈ నాలుగు మాటలు అతని పక్షాన చెప్పదలచుకొన్నాను.

తలగడను గూర్చి ఒక వ్యాసమా అని పాఠకులు నవ్వుకోవచ్చును. నవ్వినా తప్పులేదు. కాని ఒక్కసారి ఆలోచించండి. చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి నాలుగు అడుగులు నడిచి చూసుకొంటాం. చొక్కా కుట్టించేటప్పుడు దర్జీకి మెడ కొలత ఇస్తాం. కళ్లద్దాలు వైద్యుడు చెప్పిన సంఖ్య తప్పితే పెట్టుకోము. ఆయుస్సులో ఇంచుమించు మూడవ వంతు మన తలను మోసే తలగడను మాత్రం గలీబు మీది పూలు చూసి కొంటాం. లేదా పరుపుతో పాటు ఊరికే ఇచ్చినదాన్ని పుచ్చుకొని సంతోషిస్తాం. తెల్లవారి మెడ పట్టినప్పుడు గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో సమాధానపడతాం తప్ప, తల కింది వస్తువును అనుమానించము.

తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ణి కనుక మొదట మాటల దగ్గర ఆగుతాను. ఈ వస్తువుకు తలగడ అనీ, దిండు అనీ పేర్లున్నాయి. మా నల్లగొండ, పాలమూరు పల్లెలలో దీనిని “మెత్త” అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో తకియా. పాత నిఘంటువులలో బాలీసు అనే మాట కూడా కలదు. అది పారసీకం నుంచి వచ్చి మన భాషలో కలిసిపోయింది. అమరకోశం ఉపధానమనీ, ఉపబర్హమనీ రెండు పేర్లు చెప్పింది. ఈ పేర్లలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. “మెత్త” అనే మాట వస్తువు గుణాన్ని చెబుతుంది. “ఉపధానం” అనే మాట వస్తువు చేసే పనిని చెబుతుంది. ఆధారంగా ఉంచబడేది అని దాని భావం. మా ఊరి మాట నాకు ముద్దైనదే. కాని అది మమ్మల్ని కొంత మోసగించింది. మెత్తగా ఉంటే చాలు, మంచి దిండే అనే భ్రమను కల్పించింది. ఆ భ్రమలో పడినవారిలో నేనొకణ్ణి. ఆ కథ చెప్పక తప్పదు.

మా ఊరు మర్రిగూడ ప్రాంతంలోనిది. ఆ పేరు వినగానే తెలిసినవారు నిట్టూరుస్తారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాలలో భూమి పొరలలోని రాయి నీటికి ఫ్లోరైడును ఇచ్చింది. త్రాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా బావులలో, బోర్లలో అది ఆ హద్దును ఎంతో దాటి ఉండేది. తరతరాలు ఆ నీరే త్రాగాయి. మొదట పళ్లు గారపడతాయి. ఏళ్లు గడచిన కొద్దీ ఎముకలను పట్టి ఉంచే బంధనాలు గట్టిపడి, వెన్ను కర్రవలె బిగిసి, ముందుకు వంగిపోతుంది. పక్కకు చూడవలెనంటే మెడ తిరగదు; మనిషంతా తిరగవలె. పటికతో, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ 1970 దశకంలో రూపొందించింది. దానికి లోకమంతటా “నల్గొండ పద్ధతి” అనే పేరు నిలిచింది. ఒక జిల్లా పేరు ఈ విధంగా శాస్త్రగ్రంథాలకెక్కడం గర్వకారణమో, దుఃఖకారణమో నేను చెప్పలేను. తరువాత కృష్ణా నీరు వచ్చింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ గొట్టాలూ వచ్చాయి. కొత్తగా పుట్టే పిల్లల పళ్లు తెల్లగా ఉంటే కళ్లు చల్లబడతాయి. కాని మంచినీరు వచ్చినంత మాత్రాన అంతకు ముందే వంగిన వెన్ను తిరిగి నిటారు కాదు.

అట్లా వంగినవారిలో మా అమ్మ ఒకతె. 2017లో దసరా సెలవులకు ఊరికి పోతూ, ఆమె కోసం హైదరాబాదులో ఒక ఫోమ్ దిండు కొన్నాను. నొక్కితే మెల్లగా లోనికి దిగి, చెయ్యి తీస్తే మెల్లగా పైకి లేచే రకం. వెల తక్కువ కాదు. ఇంతకన్న మెత్తనిది ఈ దుకాణంలో లేదని అమ్మినవాడు చెప్పగా, అంతకన్న నాకు కావలసినదేమున్నదనుకొన్నాను. నాలుగవ నాటి తెల్లవారుజామున లేచి చూస్తే అమ్మ గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నది. దిండు మంచం కింద ఉన్నది. ఖరీదైన వస్తువు మాసిపోతుందని దాచుకొన్నదనుకొని కొంచెం కోప్పడ్డాను. “నిద్ర వస్తే ఏ దిండైతే ఏమిటి, కూర్చోవడం ఎందుకు” అని సామెత కూడా వినిపించాను. ఆమె నొచ్చుకోలేదు. “మెత్తగనే ఉన్నది బిడ్డా, తలకాయ ఆనుతలేదు” అన్నది.

తల ఆనడం లేదు. ఆ మాట నన్ను సిగ్గుపరచింది. ఎందుకంటే ఆ మాటను నేను ఏళ్ల తరబడి తరగతిలో పాఠంగా చెబుతూ వచ్చాను. భారతంలో భీష్ముడు అంపశయ్య మీద ఒరిగిన ఘట్టం తెలియని తెలుగువారుండరు. శరీరమంతా బాణాల మీద నిలిచింది. తల మాత్రం ఆధారం లేక వ్రేలాడుతున్నది. తలగడ కావాలన్నాడు పితామహుడు. రాజులు పరుగెత్తి మెత్తని, మేలైన తలగడలు తెచ్చారు. ఇవి ఈ శయ్యకు తగినవి కావని ఆయన కాదన్నాడు. అర్జునుని వంక చూశాడు. అర్జునుడు మూడు బాణాలు నేలలో నాటి వాటిపై ఆ తలను నిలిపాడు. పితామహుడు మెచ్చుకొన్నాడు.

ఈ ఘట్టంలో క్షాత్రధర్మాన్ని, వీరశయ్య గౌరవాన్ని విద్యార్థులకు ఎన్నో విధాల వివరించాను. ఉన్నమాట చెప్పవలెనంటే, ఇది తలగడను ఎన్నుకోవడాన్ని గూర్చిన పాఠం కూడా అని నాకు ఎన్నడూ తోచలేదు. రాజులు వస్తువు మేలును చూశారు. అర్జునుడు పడకను చూశాడు, పడుకొన్నవానిని చూశాడు, తలకూ నేలకూ నడుమ ఎంత ఎడమున్నదో చూశాడు. నేను ఆ రాజుల పంక్తిలో నిలబడి అమ్మకు మెత్తని దిండు తెచ్చాను.

మెత్తదనం ప్రధానం కాదనడానికి లోకంలో సాక్ష్యాలు తక్కువ కావు. ప్రాచీన ఈజిప్టు ప్రజలు కొయ్యతోను, రాతితోను చేసిన తలాధారాలు వాడారు. 1922లో బయటపడిన టుటన్‌ఖామెన్ సమాధిలో అట్టివి దొరికాయి. చీనాలో పింగాణీ తలగడలుండేవి. జపానువారు బక్‌వీట్ గింజల పొట్టు నింపిన గట్టి దిండు మీద నేటికీ నిద్రపోతారు. వారందరూ సుఖమెరుగని మొరటువారు కారు. ఇక నేను కొన్న ఆ ఫోము సంగతి. 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ కోసం, విమానాల ఆసనాలకని కనిపెట్టిన పదార్థమది. అది మంచి పదార్థమే. కాని అది మా అమ్మ వెన్నును ఎరుగదు.

అసలు తలగడ చేయవలసిన పని ఒక్కటే. పెద్దవారి తల నాలుగున్నర, ఐదు కిలోల బరువుంటుంది. పగలంతా దానిని మోసే మెడకు ఏడు వెన్నుపూసలున్నాయి. నిలబడినప్పుడు తలకూ, మెడకూ, వెన్నుకూ ఏ పొందిక ఉన్నదో, పడుకొన్నప్పుడు కూడా ఆ పొందిక చెడకుండా, మెడ కింది ఎడాన్ని పూరించడమే తలగడ పని. అంతకన్న ఎత్తైతే గడ్డం రొమ్మును తాకుతుంది. తక్కువైతే తల వెనుకకు వాలుతుంది. రెండూ మెడకు శిక్షలే.

ఆ ఎడం అందరికీ ఒక్కటి కాదు. పక్కకు తిరిగి పడుకొనేవారికి భుజం అడ్డు వస్తుంది కనుక, మెడ మొదటి నుంచి భుజం కొస దాకా ఉన్నంత ఎత్తు కావలె. వెడల్పాటి భుజాలవానికి ఎక్కువ, సన్నని మనిషికి తక్కువ. భార్యాభర్తలకు ఒకే జత దిండ్లు కొనడం చూడముచ్చటే గాని, ఇద్దరిలో ఒకరికి అన్యాయం. వెల్లకిల పడుకొనేవారికి అంతకన్న తక్కువ ఎత్తు చాలు; మెడ వంపు కింద కొంచెం ఆనిక ఉంటే మేలు. బోర్లా పడుకొనేవారికి పలచనిది, లేదా ఏదీ లేకపోవడమే మంచిది. ఆ అలవాటులో మెడ రాత్రంతా పక్కకు మెలిపడి ఉంటుంది; దానికి ఎత్తు కూడా తోడైతే ఇక చెప్పేదేమున్నది!

పడకను కూడా లెక్కలోకి తీసుకోవలె. చాప మీద పక్కకు తిరిగి పడుకొంటే నేల భుజానికి దారి ఇవ్వదు. కనుక తలగడ ఎత్తుగా ఉండవలె. మెత్తని పరుపులో భుజం దిగబడుతుంది. అదే తలగడ అక్కడ ఎక్కువవుతుంది. వదులైన నులకమంచంలో నడుము కిందికి దిగి తలాపు దానంతటదే పైకి లేస్తుంది. అక్కడ పలచనిది చాలు. పల్లెలో చాప మీద హాయిగా ఉన్న దిండే పట్నంలో కొడుకు ఇంటి పరుపు మీద మెడ నొప్పి తెచ్చిందంటే, తప్పు దిండుది కాదు, కోడలిది అసలే కాదు.

కొలిచే విధానం కష్టమైనదేమీ కాదు. మీ పడక మీద, మీ అలవాటు ప్రకారం పడుకొని, ఇంట్లో ఒకరిని వెనుక నిలబడి చూడమనండి. తల, మెడ, వెన్ను ఒక్క గీతగా ఉన్నాయా? తల పైకి లేచి ఉంటే ఎత్తు తగ్గించండి. కిందికి వాలితే ఒక దుప్పటి మడత చేర్చండి. ఆ మడతతో నాలుగు రాత్రులు గడిపి, అప్పుడు ఆ ఎత్తు కొలుచుకొని దుకాణానికి వెళ్లండి. కొన్నవెంటనే కొన్ని దిండ్లు ఎత్తుగా కనబడి, తల బరువుకు సగానికి దిగుతాయి. కనుక చూడవలసింది కంటికి కనబడే ఎత్తు కాదు, తల ఆనిన తరువాత మిగిలే ఎత్తు.

లోపల ఏమి నింపవలెనన్నది తరువాతి ప్రశ్న. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన మెట్ట సీమలో చెమటను పీల్చే దూదికి సాటి లేదు. అయితే అది కొంతకాలానికి ఉండకట్టి అణిగిపోతుంది. బూరుగుదూది తేలికైనది, నునుపైనది, తడిని సులభంగా పీల్చదు. నునుపు వల్లనే దానిని నూలుగా వడకడం కష్టం. దిండులో నింపడానికి మాత్రం అదే గుణం అక్కరకు వస్తుంది. హైదరాబాదు రాష్ట్రానికి 1952లో ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావుగారి ఇంటిపేరు పూర్వపు పాలమూరు జిల్లాలోని ఒక ఊరి పేరు. ఆ పేరు విన్నప్పుడెల్లా ఎండాకాలంలో కాయలు పగిలి దూది ఎగిరే చెట్టు నా కళ్లకు కడుతుంది. ఫోము ఎత్తు నిలుపుకొంటుంది గాని వేడిని పట్టి ఉంచుతుంది. పాలియెస్టరు పీచు చవక, త్వరగా చదునవుతుంది. మధ్యకు మడచి వదిలితే తిరిగి విచ్చుకోని పీచు దిండుకు కాలం చెల్లిందని తెలుసుకోవలె. ఏదైనా కానీ, పైన నేత నూలు గలీబు తొడిగి దానిని తరచు ఉతకడం, దూది దిండును ఎండలో వేయడం మరువరాదు. చేలనిండా పత్తి పండించే మా జిల్లాల రైతు ఎక్కడిదో పాలియెస్టరు దిండు మీద చెమటతో పొర్లుతున్నాడంటే, అతడు ఆ పత్తిని అమ్ముకోవడమే తప్ప అనుభవించడం మరచాడన్నమాట.

ఇక్కడ ఒక మనిషిని తలచుకోవలె. నా చిన్నతనంలో పత్తి ఏరడం అయిపోయిన తరువాత దూదేకుల సాయిబు పెద్ద విల్లు భుజాన వేసుకొని మా వీధికి వచ్చేవాడు. అరుగు మీద పాత దిండ్లు విప్పి, ఆ విల్లు నారి మోగుతుండగా దూదిని మబ్బువలె విచ్చేవాడు. తిరిగి కూరేముందు మా నాయనమ్మను తప్పక ఒక ప్రశ్న అడిగేవాడు: “ఈ మెత్త ఎవరికి అవ్వా?” తాతకైతే నిండుగా, పిల్లలకైతే పలచగా, ఆయాసంతో బాధపడే చిన్నతాతకైతే పొడుగ్గా, గట్టిగా. ఆ ప్రశ్నలో ఎంత శాస్త్రమున్నదో ఆనాడు మాకు తెలియదు. ఆ వృత్తి పేరును మన భాషలో తిట్టుగా వాడుకొన్న పాపం కూడా మనదే. ఇప్పుడు విల్లు పోయి యంత్రం వచ్చింది. యంత్రం రావడం తప్పు కాదు. ఆ ప్రశ్న పోవడమే నష్టం. నేటి దుకాణంలో “ఎంతలో కావాలి?” అని అడుగుతారు, “ఎవరికి?” అని అడిగేవారు లేరు. కనుక ఆ ప్రశ్న కొనేవారే వేసుకోవలె.

ఎవరికి అనే ప్రశ్నకు కొన్ని జవాబులు కటువుగా ఉంటాయి. ఏడాది నిండని శిశువుకు తలగడే వద్దని నేటి శిశువైద్యులు చెబుతున్నారు. మెత్తని వస్తువులో ముఖం కూరుకొనిపోతే ఊపిరి ఆడదని వారి భయం. తల గుండ్రన కావాలని ఆవాల దిండు వేసే ఆచారం పెద్దల ప్రేమ నుంచి పుట్టినదే; అయినా ఈ విషయంలో వైద్యుని మాటే వినవలె. పుల్లని త్రేన్పులతో రాత్రులు బాధపడేవారు దిండ్ల మీద దిండ్లు పేర్చుకొంటే కడుపు మడతపడి బాధ పెరగవచ్చును. మంచం తలాపు కోళ్ల కింద చెక్కలు పెట్టి, పడకనే వాలుగా చేయడం మేలు. మరొక సంగతి. “ఎన్ని దిండ్లు వేసుకొని పడుకొంటున్నారు?” అని గుండె వైద్యులు రోగిని అడుగుతారు. ఒక్క దిండుతో పడుకొనే మనిషి ఊపిరాడక రెండు, మూడు పెట్టుకోవలసి వస్తున్నదంటే, అది దిండును గూర్చిన ఫిర్యాదు కాదు. గుండె పంపే కబురు కావచ్చును. మన ఇళ్లలో ముసలివారు మరొక దిండు అడిగితే విసుక్కొంటాం. విసుక్కోకుండా వైద్యుని దగ్గరకు తీసుకొని పోవలె.

ఇదంతా ఉన్నవారి ముచ్చట అని కొందరు అనవచ్చును. ఆ మాటకు నా దగ్గర జవాబున్నది. అది పాలమూరు నుంచి తెచ్చుకొన్నది. 1955లో పునాది పడిన నాగార్జునసాగరం మొదలుకొని దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు పాలమూరు కూలీలు రాళ్లు మోశారు. పగలు తల మీద బరువు. రాత్రి తల కింద ఇటుకో, బట్టల మూటో, మడచిన మోచెయ్యో. వారు గాఢంగా నిద్రపోయారు కనుక వారికి సుఖం అక్కరలేదని చూసినవారు తీర్మానించారు. నిద్ర సుఖమెరుగదనే మాట అట్టివారి విషయంలోనే మనకు ఎక్కువ అనుకూలపడింది. అది అలసటకు ఇచ్చిన కితాబు. మెడకు ఇచ్చిన వైద్యం కాదు. ఆ మెడలు ఇప్పుడు ముసలివయ్యాయి. తల కింద తగిన ఎత్తు ఉండడం విలాసమైతే, కాలికి తగిన చెప్పు కూడా విలాసమే.

కాగా నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వసతి గృహాలలో, ఆసుపత్రులలో, వృద్ధాశ్రమాలలో ఒకే అచ్చులో పోసిన దిండ్లు అందరికీ పంచే అలవాటు మారవలె. ఎత్తైనవి కొన్ని, పలచనివి కొన్ని ఉంచి, ఎన్నుకొనే వీలు ఇస్తే చాలు. ఇళ్లలో పెద్దవారికి కానుకగా దిండు కొనేవారు, వారిని పడుకోబెట్టి చూసి మరీ కొనవలె. వెన్ను వంగినవారి విషయంలో భుజాల నుంచి తల దాకా క్రమంగా ఎత్తు పెరిగే ఆనిక కావలె. దానికి దుకాణంలో వెతకడం కన్న ఇంట్లోని మడతలే త్వరగా దొరుకుతాయి.

ఆ దసరా నాటి మధ్యాహ్నం మా ఇంట్లో జరిగింది అదే. అమ్మ చెబుతుంటే నేను ఒక్కొక్క పాత చీర మడచి భుజాల కింద, మెడ కింద, తల కింద పేర్చాను. అడుగున గట్టి దూది దిండు ఒకటి పెట్టాను. “ఇంకొకటి” అన్నది; “ఒకటి తియ్యి” అన్నది. ఏడవ చీర దగ్గర మాట ఆగింది. చూస్తే కళ్లు మూతలు పడ్డాయి. ఆ వరుస చెదరకుండా ఒక సంచి కుట్టించాము. 2021లో పోయేవరకు ఆమె దాని మీదనే నిద్రపోయింది.

నేను కొన్న ఫోమ్ దిండు ఇప్పుడు నా పడక మీద ఉన్నది. వెల్లకిల పడుకొనే నాకు అది సరిగ్గా సరిపోయింది. దానిలో ఏ లోపమూ లేదు. ఎవరికి అని అడగకుండా కొనడమే నేను చేసిన లోపం.